నీలోవ్న కనుబొమ్మ మీది మచ్చ

తల్లిని గురించి వ్రాసిన నవలలు అన్ని భాషలలోనూ ఉన్నవి. వాటిలో తల్లి సాధారణంగా అన్నం పెట్టే చేయి, దీవించే నోరు, కొడుకు కోసం ఎదురుచూచే కన్ను. ఆమెకు ఒక గతం ఉన్నదనీ, ఆ గతం ఆమెను నడిరాత్రి లేపి కూర్చోబెడుతుందనీ ఆ రచయితలలో చాలామందికి తట్టలేదు. మాక్సిం గోర్కీ 'అమ్మ' ఆ కోవలోనిది కాదు. దానిని విప్లవ నవల అన్నారు, కార్మిక నవల అన్నారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఆ సమాధానం చాలును. కాని పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా ఓపికగా చదివినవారికి మరొక సంగతి తెలుస్తుంది. అందులో సగభాగం ఒక స్త్రీ భయాన్ని గురించినది. భర్త చనిపోయిన తరువాత కూడా భర్త కొట్టిన దెబ్బలు చావని స్త్రీ కథ అది. రష్యాను గాని, అక్కడి కర్మాగారాలను గాని ఎన్నడూ చూడని తెలంగాణ పల్లెలలో, ముఖ్యంగా తిరుమలగిరి, తుంగతుర్తి ప్రాంతాలలో, ఆ కథకు వినేవారు దొరకడం వింత అనిపించవచ్చును. అక్కడి ఆనాటి జీవితం తెలిసినవారికి అది వింత కాదు.

గోర్కీ ఈ నవలను 1906లో అమెరికాలో ఉండగా వ్రాసినాడు. అది మొదట వెలువడినది కూడ న్యూయార్కు పత్రికలో, ఆంగ్లంలో. కథకు ఆధారం నిజంగా జరిగినదే. నీజ్నీ నొవ్‌గొరొద్ నగరం ప్రక్కన సొర్మొవొ అనే కర్మాగారపు పేటలో 1902 మే దినాన కార్మికులు ఊరేగింపు జరిపినారు. జెండా పట్టిన ప్యోత్ర్ జలోమొవ్‌ను పట్టుకొని సైబీరియాకు పంపించినారు. అతని తల్లి అన్నా కిరీలొవ్న కొడుకు పనిలో తానూ పాలుపంచుకొన్నది. నవలలో పావెల్, అతని తల్లి పెలగేయ నీలోవ్న ఆ ఇద్దరి నుంచి పుట్టినవారే. ఐతే జరిగిన సంఘటన నుంచి గోర్కీ తీసికొన్నది ఎముకల గూడు మాత్రమే. నీలోవ్న మనస్సు ఆయన సృష్టి.

నీలోవ్నను పాఠకునికి పరిచయం చేసే ఘట్టం ఉపాధ్యాయులు తరగతిలో చదివి వినిపించదగినది. ఆమెకు నలభయ్యేళ్లు. పొడగరి, కొంచెం వంగినది. ఎడతెగని చాకిరితోను, మగని దెబ్బలతోను నలిగిన శరీరం. ఇంట్లో చప్పుడు కాకుండా, ఒక ప్రక్కకు ఒరిగి నడుస్తుంది; దేనికైనా తగులుతానేమో అని అనుక్షణం బెదురుతున్నట్లు ఉంటుంది ఆ నడక. కుడి కనుబొమ్మ మీద లోతైన మచ్చ. ఆ మచ్చ కనుబొమ్మను కొంచెం పైకి లాగడం వలన కుడి చెవి ఎడమ చెవికంటె ఎత్తుగా ఉన్నట్లు తోస్తుంది. అందుచేత ఆ ముఖం ఎప్పుడూ ఏదో అలికిడిని భయంతో వింటున్నట్లు కనిపిస్తుంది. భర్త మిహయిల్ వ్లాసొవ్ ఆమెను ఎన్ని మార్లు కొట్టినాడో గోర్కీ లెక్క చెప్పలేదు. చెప్పనక్కర కూడా లేదు. కొట్టే చేయి మట్టిలో కలిసిపోయినది. చెవి మాత్రం ఇంకా వింటూనే ఉన్నది.

ఆ మచ్చ సంగతి ఎత్తే వ్యక్తి పావెల్ స్నేహితుడు ఆంద్రేయ్. మొట్టమొదటిసారి ఇంటికి వచ్చినప్పుడే, కూర్చున్నాడో లేదో, నీ నుదురు పగులగొట్టినది ఎవరమ్మా అని అడుగుతాడు. ఆమెకు కష్టం తోస్తుంది. ముక్కు మొగం తెలియనివాడు అడిగే మాటా ఇది? నీకెందుకు అని పెళుసుగా బదులిస్తుంది. అప్పుడతడు నొచ్చుకోకుండా తన సంగతి చెబుతాడు. తనను పెంచిన తల్లికి కూడ సరిగా అటువంటి మచ్చే ఉండేదట. ఆమె బట్టలుతుకుతూ బ్రతికినది. ఆమెతో కాపురముండిన చెప్పులు కుట్టేవాడు తన పనిముట్టుతోనే ఆమెను కొట్టినాడట. నీలోవ్న కోపం అక్కడితో దిగిపోతుంది. తన మచ్చ తన ఒక్కదానిదే కాదని ఆమె తెలుసుకొన్న మొదటి క్షణం అది. రచయిత దానిమీద ఒక్క వ్యాఖ్య అయినా చేయలేదు. ఉపన్యాసాలకు వెనుదీయని గోర్కీ ఇక్కడ నోరు మెదపకపోవడం గమనింపదగినది.

ఆమె పెండ్లి కథ మరీ చిన్నది. ఒక ఇంట జరిగిన వేడుకలో వ్లాసొవ్ ఆమెను చీకటి వసారాలో పట్టుకొని గోడకు అదిమి, నన్ను పెండ్లాడుతావా అన్నాడు. ఆమెకు నొప్పి పుట్టినది, అవమానం కలిగినది. ఆదివారం నాడు పెద్దలను పంపుతానన్నాడు, పంపినాడు. అంతే. అంతకుముందు గడచిన బాల్యం, కన్యాదశ ఆమెకు జ్ఞాపకం లేవు. మగని దెబ్బలు వర్తమానంతోపాటు గతాన్ని కూడ ఆమె ఒంటినుంచి దులిపివేసినవి. జ్ఞాపకాలు పీడించే స్త్రీని గురించి వ్రాసినవారు లోకంలో చాలామంది ఉన్నారు. పీడించే జ్ఞాపకం తప్ప మరొక జ్ఞాపకమే మిగలని స్త్రీని గురించి వ్రాసినవారు తక్కువ.

నవల రెండవ భాగంలో ఒక రాత్రి ఘట్టం ఉన్నది. పావెల్ జైలులో ఉన్నాడు. నీలోవ్న పట్టణంలో నికొలాయ్ ఇవానొవిచ్ అనే విద్యావంతుని ఇంట ఉంటున్నది. అతని అక్క సోఫియా పియానో ముందు కూర్చొని గ్రీగ్ స్వరపరచిన సంగీతం వాయిస్తుంది. నీలోవ్నకు మొదట ఏమీ అర్థం కాదు. చెవికి చప్పుడుగా మాత్రమే వినిపిస్తుంది. తరువాత ఆ స్వరాల మధ్యనుంచి, ఎన్నడో మరచిపోయిన ఒక రాత్రి పైకి లేస్తుంది. భర్త త్రాగి వచ్చి ఆమెను మంచం మీదినుంచి క్రిందికి లాగి, డొక్కలో తన్ని, బయటికి పొమ్మన్నాడు. దెబ్బలు తప్పించుకొనడానికి ఆమె రెండేళ్ల కొడుకును చేతులలోకి తీసికొని, మోకాళ్ల మీద కూలబడి, ఆ పసి శరీరాన్ని డాలువలె తనకు అడ్డం పెట్టుకొన్నది. బట్టలు లేని పిల్లవాడు వెచ్చగా ఉన్నాడు, ఏడుస్తూ గింజుకొన్నాడు. ఆమె బిడ్డకు శాలువ చుట్టి, తాను ఏదో పైన వేసికొని, వట్టి కాళ్లతో వీధిలోకి నడచినది. మే నెల. చల్లని దుమ్ము పాదాలకు అంటుకొన్నది. బిడ్డను ఒడిలో ఊపుతూ తెల్లవారేదాక ఆమె బయటనే గడిపినది.

తల్లి బిడ్డకు అడ్డుపడటం అన్ని కావ్యాలలోనూ ఉన్నదే. బిడ్డను తనకు అడ్డం పెట్టుకొన్న తల్లిని చూపడానికి రచయితకు గుండెధైర్యం కావలెను. ఇన్నేళ్లూ నీలోవ్నను లోలోపల కొరికినది మగడు కొట్టిన దెబ్బ ఒక్కటే కాదు. తాను ఆ రాత్రి చేసిన పని కూడ. ఆమె దానిని మరచిపోలేదు, మరుగు పరచుకొన్నది. పియానో ఆగిన తరువాత ఆమె మొదటిసారిగా తన బ్రతుకంతా ఆ అక్కాతమ్ముళ్లకు చెబుతుంది. ఫిర్యాదు లేదు, కన్నీరు లేదు. పశువుగా లెక్కింపబడి, చాలాకాలం తానూ తనను అట్లే లెక్కించుకొన్న ఒక మనిషి కథను చదువుకొన్న ఇద్దరు మౌనంగా వింటారు. నవలకు నిజమైన నడుము ఈ ఘట్టమే. మే దినపు ఊరేగింపు అని చెప్పే విమర్శకులు ఉన్నారు; వారికి జెండా కనిపించినంతగా మనిషి కనిపించలేదు.

నవలలో లోపాలు లేకపోలేదు. పావెల్ ఉపన్యాసాలు దీర్ఘమైనవి. తాగుబోతు తండ్రి మీదికి పద్నాలుగేళ్ల వయస్సులో సుత్తె ఎత్తిన కుర్రవాడు తరువాతి అధ్యాయాలలో తప్పులేని బొమ్మగా మారిపోతాడు. గోర్కీ స్వయంగా తరువాతి కాలంలో ఈ పుస్తకంపట్ల అసంతృప్తి వెల్లడించినాడు. అయినా అది నిలిచినది, నీలోవ్న వలన. పావెల్‌కు సిద్ధాంతం ఉన్నది, ఆమెకు గతం ఉన్నది. కర్మాగారంలోకి కరపత్రాలు దాచి తీసికొనిపోయేటప్పుడు ఆమె భయపడుతూనే పోతుంది. నలభయ్యవయేట అక్షరాలు దిద్దబోయి, ఇన్నాళ్లకా అని ఏడుస్తుంది. చివరికి రైల్వే స్టేషనులో, కొడుకు న్యాయస్థానంలో చేసిన ప్రసంగం అచ్చువేసిన కాగితాల పెట్టెతో నిలుచున్నప్పుడు, గూఢచారి తనను గుర్తించినాడని తెలిసి, పెట్టెను అక్కడే వదలి పారిపోదామనుకొంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి నిలద్రొక్కుకొంటుంది. అంత పరిణామం చెందిన తరువాత కూడ మొదటి పేజీలోని భయమే ఆమెను చివరి పేజీలో పలుకరిస్తుంది. అది పోలేదు. ఆమె దానితోనే నిలబడినది.

ఈ నవలను రాజమహేంద్రవరానికి చెందిన జాతీయోద్యమ కార్యకర్త క్రొవ్విడి లింగరాజు 1930లలో తెలుగులోకి తెచ్చినారు. అప్పటికి నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగేది; తెలుగు పుస్తకం కోసం పల్లెవాడు గ్రంథాలయోద్యమం మీద ఆధారపడవలసి ఉండేది. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, తెలుగు పుస్తకాలను ఊరూరా మోసినారు. నూటికి పదిమంది కూడ చదువురాని చోట పుస్తకం ఒకరు చదివితే పదిమంది వినవలసినదే.

తిరుమలగిరి జనగామనుంచి సూర్యాపేట పోయే దారిలో ఉన్నది. నాడు నల్లగొండ జిల్లా; 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఆ దారికి ఇరువైపులా దేశ్‌ముఖుల ఏలుబడి. ఒకవైపు ఎర్రపాడు దేశ్‌ముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాట గ్రంథంలో ఆయన భూమిని లక్షన్నర ఎకరాలుగా పేర్కొన్నారు. జనగామ వైపున విసునూరు దేశ్‌ముఖు. ఆయన మనుషులు జరిపిన కాల్పులలోనే 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. ఈ గడీల నీడలో వెట్టి ఒక్క మగవాడిదే కాదు. వడ్లు దంచడం, పిండి విసరడం, పాచిపని, పొలంపని, అన్నిటికీ ఆడవారే. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు అరణంగా వెంట పంపిన దాసిపిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు పెండ్లి లేదు, ఇల్లు లేదు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రి పేరు చెప్పే హక్కు లేదు. దాశరథి రంగాచార్య 1969లో వెలువరించిన 'చిల్లర దేవుళ్లు'లో వనజ అటువంటి ఆడబాపయే. ఈ స్త్రీలకు నీలోవ్న నడకను వివరించి చెప్పవలసిన పని లేదు. చప్పుడు కాకుండా, ఒక ప్రక్కకు ఒరిగి నడవడం వారికి పుట్టుకతో అబ్బిన విద్య.

ఐతే ఆ ప్రాంతంలో ఈ నవలను చదివినవారిలో అందరికంటె ప్రసిద్ధురాలు ఆడబాప కాదు, వెట్టి మనిషీ కాదు. భూస్వామి కుటుంబపు ఆడపిల్ల. మల్లు స్వరాజ్యం 1931లో తుంగతుర్తి ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టినది. భీమిరెడ్డి నరసింహారెడ్డి ఆమెకు అన్న. పదేళ్ల వయస్సులో 'అమ్మ' చదివిన సంగతి ఆమె తరువాత పలుమార్లు చెప్పినది. మరుసటి యేడో ఆ పైయేడో, ఆంధ్రమహాసభ పిలుపు విని, ఇంటివారి అభీష్టానికి విరుద్ధంగా తమ ఇంటి బియ్యాన్ని వెట్టి చేసేవారికి పంచిపెట్టినది. తరువాతి చరిత్ర ప్రసిద్ధమే: రాజక్క అనే మారుపేరు, తుపాకి, అడవి, ఆమెను పట్టి ఇచ్చినవారికి పదివేల రూపాయల బహుమానం.

పదేళ్ల పిల్లకు ఆ నవలలో ఏమి దొరికినది అన్న ప్రశ్న ఉపాధ్యాయులకు ఆసక్తికరమైనది. ఆమె ముఖాన మచ్చ లేదు. ఆమెను కొట్టినవారు లేరు. మచ్చలున్నది ఆమె ఇంటివంటి ఇండ్ల వాకిళ్లలో వడ్లు దంచే స్త్రీలకు. నీలోవ్నను పీడించిన గతం ఆమె సొంతం. ఈ పిల్లను కదిలించిన గతం తాను అనుభవించనిది, తన ఇల్లు అనుభవింపజేసినది. పుస్తకం ఎవరి చేతిలో పడితే వారి ఇంటిని చూపిస్తుంది. సొంత బాధను పుస్తకంలో గుర్తుపట్టడం సులభం. తనవలన ఎదుటివారికి కలిగిన బాధను గుర్తుపట్టడం పెద్దలకే కష్టం. పల్లెటూరి పదేళ్ల పిల్ల ఆ పని చేసినది.

గోర్కీ కథ స్టేషనులో ఆగిపోతుంది. పోలీసులు నీలోవ్నను కొడుతుండగా, గొంతు నులుముతుండగా, ఆమె ఇంకా మాట్లాడుతుండగానే పుస్తకం ముగుస్తుంది. తరువాత ఆమె బ్రతికినదా, ఏ ఇంటికి తిరిగిపోయినది, అక్కడ ఆమెను ఏమని పిలిచినారు — ఇవి రచయితకు అక్కరలేకపోయినవి. నవలకు ఆధారమైన అన్నా కిరీలొవ్న మాత్రం 1938 వరకు జీవించినది. పతాకఘట్టం దాటిన తరువాత కూడ మనిషికి మూడు పదుల బ్రతుకు మిగిలి ఉండవచ్చును.

తెలంగాణ స్త్రీలకు ఆ మిగిలిన బ్రతుకు 1951 అక్టోబరులో మొదలైనది. సాయుధపోరాటాన్ని ఆ నెలలో విరమించినారు. తుపాకులు దించిన మగవారికి ఎన్నికలు, సభలు, పదవులు కొంతవరకు ఎదురువచ్చినవి. ఆడవారిలో పెక్కుమందికి ఎదురువచ్చినది వంటిల్లు. అడవిలో మగవారి మధ్య తిరిగినదన్న మాట ఒకటి అదనంగా వెంట వచ్చినది. ముప్పయి అయిదేళ్లపాటు వారిని ఎవరూ పెద్దగా అడగలేదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వారివద్దకు పోయి, చెప్పినది చెప్పినట్లు వినిపించే పద్ధతిలో సేకరించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే గ్రంథంగా ప్రకటించినారు. 1989లో అది ఆంగ్లంలో కూడ వెలువడినది.

ఆ గ్రంథంలో వీరగాథలు కోరి పేజీలు త్రిప్పేవారికి కొంత నిరాశ కలుగవచ్చును. మాట్లాడేవారు తరచు ఆగిపోతారు. చెప్పినదే మళ్లీ చెబుతారు. ఏదో ఒకచోటికి తిరిగి తిరిగి వస్తారు. కమలమ్మ అనే కార్యకర్త వచ్చే చోటు తన పసిబిడ్డ. దళం వెంట అడవిలో పసిబిడ్డను త్రిప్పడం సాధ్యం కాదు. ఏడుపు వినబడితే అందరి ప్రాణాలకూ ముప్పు. బిడ్డను వదలుకొనడమో, దళాన్ని వదలుకొనడమో తేల్చుకొనవలసి వచ్చినది. ఆమె బిడ్డను పరుల చేతికి ఇచ్చివేసినది. నీలోవ్న తనను కాపాడుకొనడానికి బిడ్డను అడ్డం పెట్టుకొన్నది. కమలమ్మ పదిమందిని కాపాడడానికి బిడ్డను దూరం చేసికొన్నది. రెండు పనులలో ఏది న్యాయమో విచారించడం పాఠకుని పని కాదు. ఆ ఇద్దరికీ ఆ క్షణం గడచిపోలేదన్నదే విషయం. నీలోవ్నకు దెబ్బల కాలమే భూతమై వెంటబడినది. కమలమ్మకు అట్లా కాదు. ఆమె జీవితంలో అందరికంటె గర్వించదగిన కాలమూ, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని కాలమూ ఒక్కటే. ఇటువంటి గతాన్ని గోర్కీ వ్రాయలేదు. వ్రాసి ఉంటే 'అమ్మ' ఇంకా పెద్ద నవల అయ్యేది.

తెలుగులో కూడ తెలంగాణ పోరాటం మీద నవలలు తక్కువేమీ కాదు. వాటిలో స్త్రీ పాత్రలు దొరల దౌర్జన్యానికి బలి అవుతారు, లేక తిరుగబడతారు. బలి అయిన తరువాత, తిరుగబడిన తరువాత, యాభయ్యేళ్ల వయస్సులో ఒక సాయంకాలం ఒంటరిగా కూర్చొని, జరిగినదంతా మళ్లీ చూచుకొనే స్త్రీ వాటిలో చాల అరుదు. కథా సామగ్రి లేక కాదు. ఆ గ్రంథంలోని ఒక్కొక్క వాఙ్మూలం ఒక్కొక్క నవలకు సరిపోతుంది.

స్వరాజ్యం తుంగతుర్తి నియోజకవర్గం నుంచి 1978లోను, 1983లోను శాసనసభకు ఎన్నికైనది. తిరుమలగిరి ఆ నియోజకవర్గంలోని ఊరే. ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' 2019లో, ఆమె ఎనభయ్యవ పడి చివర, వెలువడినది. 2022 మార్చి 19వ తేదీన ఆమె కన్నుమూసినది. నీలోవ్న అక్షరాలు నేర్చుకొన్నది గాని తన కథను తాను వ్రాసుకొనలేదు. ఒక మహారచయిత ఆమె తరపున వ్రాసినాడు. స్వరాజ్యం తన కథను తానే నోటితో చెప్పినది, తోటి స్త్రీలు ఆ మాటలను కాగితం మీద పెట్టినారు.